అవయవదానం – శస్త్రవైద్యుని కర్మకౌశలం

శ్రీకాళహస్తి క్షేత్ర మాహాత్మ్యంలోని తిన్నని కథ తెలియని ఆంధ్రులు అరుదు. శివలింగం కంటి నుండి రక్తం స్రవించడం చూచి ఆ బోయ యువకుడు తన కంటిని బాణంతో పెకలించి అక్కడ అమర్చాడు. రక్తం ఆగింది. అంతలోనే రెండవ కన్ను స్రవించసాగింది. మిగిలిన కంటిని కూడా సమర్పించడానికి సిద్ధపడిన తిన్నడు అంతకు ముందు ఒక చిన్న పని చేశాడు. ఉన్న ఒక్క కన్నూ పోయిన తరువాత తనకు ఏమీ కనబడదు గనుక, అమర్చవలసిన స్థానం తప్పిపోకుండా తన పాదాన్ని లింగం కంటిపై ఆనించి గుర్తు పెట్టుకొన్నాడు.

ఆ పాదస్పర్శను ఆచారానికి అతీతమైన భక్తికి నిదర్శనంగా పౌరాణికులు వ్యాఖ్యానిస్తారు. అది సమంజసమే. అయితే అందులో మరొక అర్థం కూడా ఇమిడి ఉన్నది. ఇవ్వాలనే సంకల్పం ఎంత తీవ్రమైనదైనా, ఇచ్చినది చేరవలసిన చోటికి చేరాలంటే ముందుచూపు కావాలి, హస్తనైపుణ్యం కావాలి. శాస్త్రమేదీ చదువని ఆ బోయవానికి ఈ సంగతి తెలుసు.

నేడు అవయవదానాన్ని గురించి ధార్మిక సభలలో జరిగే ప్రసంగాలన్నీ దాత త్యాగాన్ని కీర్తిస్తాయి. దధీచి, శిబి, కర్ణుడు అక్కడ స్మరింపబడతారు. గ్రహీతకు లభించిన పునర్జన్మ వర్ణింపబడుతుంది. ఈ ఇద్దరి నడుమ ఒక హస్తం ఉన్నదనీ, ఆ హస్తం నేర్పు మీదనే దానం సఫలమో విఫలమో ఆధారపడుతుందనీ చెప్పేవారు అరుదు. దానధర్మ విచారంలో దాత, దేయం, పాత్రం అనే మూడింటిని పరిశీలించడం సంప్రదాయం. మరణానంతర అవయవదానంలో దాత తన చేతితో ఇవ్వలేడు, గ్రహీత తన చేతితో పుచ్చుకోలేడు. కనుక ఇక్కడ నాలుగవ అంగం ఒకటి అనివార్యమవుతున్నది. అది శస్త్రవైద్యుని చెయ్యి. ఆ చేతికి ఎవరు, ఎక్కడ, ఏ విధంగా శిక్షణ ఇవ్వాలనేది వైద్య కళాశాలలకు మాత్రమే సంబంధించిన పాలనా విషయం కాదు. అది ధర్మవిచారానికి చెందిన ప్రశ్న.

సేకరణలో జరిగేది ఏమిటి?

1994లో భారత పార్లమెంటు చేసిన మానవ అవయవాల మార్పిడి చట్టం మస్తిష్క మరణాన్ని, అనగా వ్యవహారంలో బ్రెయిన్‌డెత్ అని పిలిచే స్థితిని, మరణంగా గుర్తించింది. నలుగురు వైద్యుల మండలి ఆరు గంటల వ్యవధితో రెండు పర్యాయాలు పరీక్షించి దానిని ధ్రువీకరించాలి. అవయవ మార్పిడి చేసే బృందానికి చెందినవారెవరూ ఆ మండలిలో ఉండరాదు. ఈ నిబంధన వెనుక ఉన్న వివేకం స్పష్టమే. మరణాన్ని నిర్ణయించేవాడు ఆ మరణం వలన లభించే ఫలంపై దృష్టి గలవాడై ఉండకూడదు. అదే సంవత్సరం ఆగస్టు 3న దేశంలో తొలి సఫల హృదయ మార్పిడి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది. దానిని నిర్వహించిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో జన్మించినవారు. నేడు ఆగస్టు 3వ తేదీని భారతీయ అవయవదాన దినంగా పాటిస్తున్నారు.

ధ్రువీకరణ జరిగి, కుటుంబం అంగీకరించిన తరువాత ఆరంభమయ్యే క్రియను సామాన్యులు ఊహించలేరు. హృదయానికి ఒక బృందం, ఊపిరితిత్తులకు ఒక బృందం, కాలేయానికి, మూత్రపిండాలకు మరికొందరు, ఇలా వేర్వేరు ఆసుపత్రుల నుండి వైద్యులు దాత ఉన్న ఆసుపత్రికి చేరుకొంటారు. అది తరచుగా అర్ధరాత్రి సమయం. దాత హృదయం ఇంకా స్పందిస్తూనే ఉంటుంది. వెంటిలేటర్ శ్వాసను నడిపిస్తూ ఉంటుంది. కంఠం దిగువ నుండి నాభి దిగువ వరకు నిలువుగా ఛేదించి, ప్రతి అవయవాన్నీ కంటితో చూచి, చేతితో తాకి పరీక్షిస్తారు. బృహద్ధమనిలో నాళికను అమర్చుతారు. అన్ని బృందాలూ సిద్ధమైన తరువాత బృహద్ధమనిని బంధించి, అతిశీతలమైన సంరక్షక ద్రవాన్ని నాళాలలోనికి ప్రవహింపజేస్తారు. వక్షోదర కుహరాలను మంచుతో నింపుతారు. హృదయం నిలిచిపోతుంది. ఆ క్షణం నుండి కాలగణన ఆరంభమవుతుంది. సాధారణ శీతల సంరక్షణలో హృదయానికి సుమారు నాలుగు గంటలు, ఊపిరితిత్తులకు సుమారు ఆరు గంటలు, కాలేయానికి సుమారు పన్నెండు గంటలు, మూత్రపిండాలకు ఒక దినం లేక మరికొంత గడువు ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో ఒక దాత హృదయాన్ని నాగోల్ నుండి జూబ్లీహిల్స్‌కు హైదరాబాద్ మెట్రో రైలులో తరలించిన వార్త చదివి అందరూ ఆశ్చర్యపడ్డారు. ఆ త్వరకు కారణం ఈ గడువే.

అయితే రైలు ఎంత వేగంగా నడిచినా, పెట్టెలో ఉన్న అవయవం అంతకు ముందే గాయపడి ఉంటే ఆ వేగం నిరర్థకం. మానవ దేహంలోని నాళాల అమరిక అందరిలో ఒకే విధంగా ఉండదు. దాదాపు పదిమందిలో ఒకరికి కాలేయపు కుడి భాగానికి రక్తాన్ని అందించే ధమని సాధారణ స్థానం నుండి కాక, ప్రేగులకు రక్తాన్ని ఇచ్చే ధమని నుండి పుడుతుంది. పాఠ్యగ్రంథంలోని చిత్రాన్ని మాత్రమే ఎరిగినవాడు దానిని గమనించక ఖండించే ప్రమాదం ఉన్నది. కొందరిలో ఒక్కొక్క మూత్రపిండానికి రెండు, మూడు ధమనులు ఉంటాయి. మూత్రనాళం చుట్టూ ఉండే మెత్తని కణజాలాన్ని అతిగా ఒలిచివేస్తే దానికి రక్తప్రసారం లోపించి, కొన్ని దినాల తరువాత గ్రహీత దేహంలో ఉపద్రవం తలెత్తుతుంది. కత్తి అంగుళం పక్కకు జరగడానికి క్షణం చాలు. ఆ క్షణం వలన డయాలసిస్ యంత్రానికి బద్ధుడై సంవత్సరాల తరబడి వేచి ఉన్న ఒక రోగి నిరీక్షణ మళ్లీ మొదటికి రావచ్చును.

"మృతదేహమే గదా!"

ఈ క్రియను నిర్వహించే బృందాలలో యువ శస్త్రవైద్యులు తప్పనిసరిగా ఉంటారు. ఉండాలి కూడా. నేటి శిష్యుడు రేపటి ఆచార్యుడు కాకపోతే విద్య నశిస్తుంది. సేకరణ శస్త్రక్రియలో వక్షోదరాల నిర్మాణం సమగ్రంగా దర్శనమిస్తుంది గనుక, శస్త్రవిద్యార్థికి ఇంతటి పాఠం మరెక్కడా లభించదని అనుభవజ్ఞులు చెబుతారు. అందువలననే ఒక ప్రమాదకరమైన ఆలోచన ఎక్కడో ఒక మూల మొలకెత్తుతుంది. బ్రదికి ఉన్న రోగిపై తొలి ప్రయత్నం చేయడం కంటె, బాధ తెలియని దేహంపై చేయడం మేలు గదా. పొరపాటు జరిగినా ఎవరికీ నొప్పి కలగదు గదా అని.

ఈ ఆలోచనలో మూడు దోషాలు ఉన్నాయి.

మొదటిది, బాధ తెలియనిది దాతకు మాత్రమే. ఆ బల్లపై కనబడని రోగులు ఇంకా ఉన్నారు. ఒక దాత అవయవాలు ఎనిమిదిమంది వరకు ప్రాణదానం చేయగలవు. వారందరి ఆయుర్దాయం ఆ సమయంలో ఆ ఒక్క దేహంలో నిక్షిప్తమై ఉంటుంది. కనుక సేకరణ శస్త్రక్రియ మృతునిపై జరిగేది కాదు; అనేకమంది జీవులపై ఏకకాలంలో జరిగేది. సామాన్య శస్త్రచికిత్స కంటె ఇక్కడ జాగరూకత అధికం కావాలే గాని అల్పం కారాదు.

రెండవది, ఆ దేహం వైద్యశాలకు లభించిన ద్రవ్యం కాదు. అది న్యాసం. తండ్రి, తల్లి, భార్య, ఎవరో ఒకరు తమ జీవితంలోని అత్యంత దారుణమైన ఘడియలో, కన్నీళ్లు తుడుచుకొనక ముందే సంతకం చేసి అప్పగించినది. భారతదేశంలో మస్తిష్క మరణం పొందే దాతలలో రహదారి ప్రమాదాలలో తలకు గాయమైనవారు అధికంగా ఉంటారు. ఉదయం బండిపై బయలుదేరిన కుమారుడు సాయంకాలానికి ఐసీయూలో అచేతనుడై ఉన్న ఇంటివారు ఇచ్చిన దానం అది. అగ్నిలో ఆహుతి కావలసిన దేహాన్ని పరుల ప్రాణరక్షణకై ఇచ్చినవారి సంకల్పం, అభ్యాసలోపం గల చేతిలో పడి భగ్నం కావడం న్యాసభంగమే అగును. నిక్షేపాన్ని కాపాడలేనివానికి ధర్మశాస్త్రం దండనను విధించింది. ఆ దండన ఇక్కడ ఎవరూ విధించరు గనుక దోషం లేదని తలచరాదు.

మూడవది, వైద్యుని అంతఃకరణంపై పడే సంస్కారం. ఏ కర్మనైనా తొలిసారి ఏ భావంతో ఆచరిస్తే ఆ భావమే వాసనగా మిగులుతుంది. "ఇక్కడ తప్పు జరిగినా ఫరవాలేదు" అనే భావంతో కత్తి పట్టుకోవడం నేర్చినవాడు రేపు సజీవ దేహం ముందు ఆ భావాన్ని పూర్తిగా విడిచిపెట్టగలడని నమ్మడానికి ఆధారం లేదు.

సుశ్రుతుని క్రమం

ఈ ప్రశ్నకు ప్రాచీన భారతీయ శల్యతంత్రం ఇచ్చిన సమాధానం నేటికీ ఆదరణీయం. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో యోగ్యాసూత్రీయమనే అధ్యాయం ఉన్నది. యోగ్య అనగా అభ్యాసం. సకల శాస్త్రార్థాలను అధ్యయనం చేసిన శిష్యుని చేత కూడా ముందుగా అభ్యాసం చేయించాలనీ, ఎంత చదివినా చేతితో అభ్యసించనివాడు కర్మకు అయోగ్యుడనీ అందులోని సిద్ధాంతం. గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి ఫలాలపై ఛేదనం. నీటితో గాని బురదతో గాని నింపిన తోలుతిత్తులపై భేదనం. రోమాలు గల చర్మంపై లేఖనం. మృతపశువుల సిరలపై, కలువ తూడులపై వేధనం. పురుగు తొలిచిన కొయ్యపై ఏషణం. పనసతొనలలోని గింజలు, మారేడు గుజ్జు తీయడం ద్వారా ఆహరణం. మైనం పూసిన బూరుగు పలకపై విస్రావణం. సన్నని, దళసరి వస్త్రాల అంచులపై సీవనం అభ్యసించాలి. కట్లు కట్టడాన్ని మనుష్యాకారం గల బొమ్మపై నేర్వాలి.

ఈ పట్టికలోని ఔచిత్యం గమనింపదగినది. ప్రతి క్రియకూ, ఆ క్రియలో చేతికి తగిలే స్పర్శను పోలిన పదార్థం ఎంపిక చేయబడింది. పొరపాటు చేయడానికి అవకాశం ఉన్న చోటు, పొరపాటు చేయరాని చోటు అని రెండు ఉంటాయనీ, మొదటిదానిలో పొరపాట్లన్నీ తీరిన తరువాతనే రెండవదానిలో ప్రవేశించాలనీ సుశ్రుతుడు ఏర్పరచిన క్రమం. అవయవ మార్పిడి చరిత్ర కూడా ఈ క్రమాన్నే ధ్రువపరుస్తున్నది. రక్తనాళాలను కలిపి కుట్టే విధానాన్ని రూపొందించి 1912లో నోబెల్ బహుమతి పొందిన ఫ్రెంచి వైద్యుడు అలెక్సిస్ కారెల్, ఆ సూక్ష్మమైన కుట్టును లియాన్ నగరంలో బుటేదారీ పనిచేసే ఒక స్త్రీ వద్ద నేర్చుకొన్నాడు. సీవనాన్ని వస్త్రంపై అభ్యసించుమన్న భారతీయ ఆచార్యుని విధికి ఆయన తెలియకనే అనుయాయి అయినాడు. అమెరికాలో నార్మన్ షమ్‌వే, రిచర్డ్ లోయర్ హృదయ మార్పిడి విధానాన్ని ప్రయోగశాలలో సంవత్సరాల తరబడి అభ్యసించి తీర్చిదిద్దారు. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలో క్రిస్టియన్ బర్నార్డ్ చేసిన తొలి మానవ హృదయ మార్పిడి వెనుక ఆ విధానమే ఉన్నది.

సుశ్రుతుడు ఫలాలతో, తోలుతిత్తులతో ఆగలేదు. శారీరస్థానంలో మృతదేహ పరిశీలనను కూడా విధించాడు. అవయవాలన్నీ సమగ్రంగా ఉన్న దేహాన్ని దర్భ, ముంజ వంటి గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, ప్రవహించే నీటిలో గుప్తమైన చోట ఏడు రాత్రులు నానబెట్టి, తరువాత వట్టివేళ్లు మున్నగువాటి కుంచెతో మెల్లమెల్లగా రాస్తూ, చర్మం మొదలుకొని లోపలి అంగాల వరకు కంటితో చూడాలని వివరించాడు. కాలక్రమంలో ఆ సంప్రదాయం విచ్ఛిన్నమైంది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో ఆయుర్వేద పండితుడైన మధుసూదన గుప్త మృతదేహ ఛేదనం చేసినప్పుడు అది ఆచార విరుద్ధమని కలవరం చెలరేగింది. శవాన్ని తాకరాదన్న నిషేధాన్ని అతిక్రమించి ఆయన నిజానికి ఒక ప్రాచీన విద్యకే మళ్లీ ద్వారం తెరిచాడు.

వేదాంతం ఎవరికి ఏమి చెబుతుంది?

అవయవదానానికి సంకోచించే కుటుంబాలకు ధార్మికులు సాధారణంగా వేదాంతాన్ని బోధిస్తారు. దేహం అన్నమయకోశం మాత్రమే. ఆత్మ దానికి భిన్నం. జీవుడు విడిచిన దేహంలో కన్ను లేకపోయినంత మాత్రాన మరుజన్మలో అంధుడు కాడు. జన్మాంతరాన్ని నిర్ణయించేది కర్మ గాని దహనమైన దేహపు సమగ్రత కాదు. ఇది యుక్తియుక్తమైన బోధ. దీనివలన భయాలు తొలగుతాయి.

అయితే ఒకే సత్యం అధికారి భేదాన్ని బట్టి భిన్నమైన కర్తవ్యాన్ని నిర్దేశిస్తుంది. దేహం ఆత్మ కాదన్న జ్ఞానం దాత కుటుంబానికి వైరాగ్యాన్ని ఇవ్వాలి. అదే జ్ఞానం శస్త్రవైద్యునికి నిర్లక్ష్యాన్ని ఇస్తే అది జ్ఞానం కాదు, తమోగుణం ధరించిన వేషం. దేహం ఆత్మ కాదని ప్రకటించిన సంప్రదాయమే ఆ దేహాన్ని స్నానం చేయించి, నూతన వస్త్రం కప్పి, పుష్పమాల వేసి, మంత్రపూర్వకంగా అగ్నికి అప్పగిస్తున్నది. షోడశ సంస్కారాలలో చివరిది ప్రాణం పోయిన దేహానికి జరిగేదే. ప్రాణం లేనిది గనుక విలువ లేనిదన్న తర్కం ఇక్కడ ఎక్కడా లేదు. శస్త్రవైద్యుడు అవయవాలు సేకరించిన తరువాత ఆ దేహాన్ని చక్కగా కుట్టి, రక్తపు మరకలు తుడిచి, బంధువులు ముఖం చూడగలిగిన స్థితిలో అప్పగించడం ఈ సంస్కారానికి పూర్వాంగం. చివరి కుట్టును కూడా తొలి కోతకు ఇచ్చినంత శ్రద్ధతో వేయడం యువవైద్యుడు నేర్వవలసిన మొదటి పాఠం.

శ్రౌతయజ్ఞంలో నలుగురు ప్రధాన ఋత్విజులలో బ్రహ్మ అనే ఋత్విజుడు ఉంటాడు. హోత ఋక్కులు పఠిస్తాడు, అధ్వర్యుడు క్రియను నడుపుతాడు, ఉద్గాత సామగానం చేస్తాడు. బ్రహ్మ చాలా భాగం మౌనంగా కూర్చుని అందరి కర్మనూ గమనిస్తూ, లోపం ఎక్కడ జరిగినా ప్రాయశ్చిత్తంతో సరిదిద్దుతాడు. మూడు వేదాలూ ఎరిగినవాడే ఆ స్థానానికి అర్హుడు. సేకరణ శస్త్రక్రియలో జ్యేష్ఠ వైద్యుని స్థానం ఇదే. కత్తి శిష్యుని చేతిలో ఉండవచ్చును; కాని జ్యేష్ఠుని చూపు, చెయ్యి ఆ బల్ల వద్దనే ఉండాలి. తాను నిద్రపోతూ, అర్ధరాత్రి ప్రయాణానికి శిష్యుని ఒంటరిగా పంపే గురువు, బ్రహ్మ లేని యజ్ఞాన్ని ఆరంభించినవాడే.

ఆక్షేపం, సమాధానం

దీనికి ఒక బలమైన ఆక్షేపం ఉన్నది. 2023లో దేశమంతటా మరణానంతర అవయవదాతలు సుమారు 1,100 మంది మాత్రమే. నూట నలభై కోట్ల జనాభాలో అది పది లక్షల మందికి ఒకరి కంటె తక్కువ. స్పెయిన్‌లో ఆ సంఖ్య పది లక్షలకు నలభై దాటుతుంది. దేశం మొత్తంలో ఆ సంవత్సరం ముందువరుసలో నిలిచిన తెలంగాణలో కూడా దాతలు సుమారు 250 మంది. ఇంత అల్పసంఖ్యలో జరిగే శస్త్రక్రియకు నియమాలు కఠినతరం చేస్తే శిష్యులు ఎక్కడ నేర్చుకోవాలి? జిల్లా కేంద్రాలలోని ఆసుపత్రులకు సేకరణ నిపుణులు ఎక్కడి నుండి వస్తారు? శిక్షితులు లేక అవయవాలు వృథా కావడం మరింత పాపం కాదా?

ఆక్షేపం న్యాయమైనదే. దాతలు అరుదు గనుక శిష్యులను బల్ల వద్దకు రానీయరాదన్న వాదం విద్యానాశనానికి దారితీస్తుంది. కాని అదే అల్పసంఖ్య మరొక నిర్ణయానికి కూడా ఆధారం. లభించేది ఇంత తక్కువైనప్పుడు, లభించిన ఒక్కదానిని కూడా అభ్యాసలోపానికి బలి చేయరాదు. ఈ రెంటికీ సమన్వయం సుశ్రుతుని క్రమంలోనే ఉన్నది. దాత బల్ల శిక్షణలో చివరి మెట్టు కావాలి, మొదటి మెట్టు కారాదు.

మొదటి మెట్లు ఎక్కడ అన్నదానికి సమాధానం సమాజం చేతిలో ఉన్నది. అవయవదానం వేరు, దేహదానం వేరు. వయోవృద్ధులై ఇంటిలో సహజ మరణం పొందినవారి హృదయం, కాలేయం మార్పిడికి పనికిరావు. కాని అట్టి దేహాన్ని వైద్య కళాశాలకు సమర్పిస్తే, అక్కడ శిష్యుడు నాళాల వైవిధ్యాన్ని చూడగలడు, తప్పులు చేయగలడు, గురువు చేత దిద్దబడగలడు. ఏడు రాత్రులు నీటిలో ఉంచిన దేహం సుశ్రుతుని శిష్యులకు ఏమి నేర్పిందో, ఆ దేహం నేటి శిష్యులకు అదే నేర్పుతుంది. దేహదానం చేసిన వృద్ధుడు తాను ఎవరికీ అవయవం ఇవ్వలేదని చింతింపనక్కరలేదు. అతని దేహంపై నేర్చిన చెయ్యి మరొక దాత కాలేయాన్ని గాయం లేకుండా తీయగలిగితే, ఆ దానంలో అతనికీ భాగం ఉన్నది.

క్రమబద్ధమైన శిక్షణ అసాధ్యం కాదనడానికి నిదర్శనాలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో అవయవ సేకరణ చేసే శస్త్రవైద్యులకు ప్రత్యేక శిక్షణ, పరీక్ష, ధ్రువీకరణ పద్ధతి ఉన్నది. బ్రిటన్‌లో 2010 నుండి జాతీయ సేకరణ సేవ పేరుతో నియత బృందాలు పనిచేస్తున్నాయి. అంత దూరం పోకుండానే నేత్రదాన రంగంలో ఒక ఉదాహరణ కనబడుతుంది. కార్నియా సేకరణను శిక్షణ పొందిన సాంకేతిక నిపుణులు చేయవచ్చునని 2011 నాటి చట్ట సవరణ అనుమతించింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన నేత్రనిధి వంటివి ఈ సేకరణను నియమబద్ధమైన విద్యగా తీర్చిదిద్దాయి. మరణించిన ఆరు గంటలలోపు ఇంటికి వచ్చి, కొద్ది నిమిషాలలో కార్నియాను సేకరించి, ముఖంలో వికృతి లేకుండా వెళ్లే ఆ నిపుణుల నేర్పే ప్రజలలో నేత్రదానంపై విశ్వాసాన్ని పెంచింది. హృదయ, కాలేయ, మూత్రపిండాల సేకరణకు కూడా అట్టి నియత విద్య, అర్హతాపత్రం ఉండాలి. తెలుగు రాష్ట్రాలలోని జీవన్‌దాన్ వ్యవస్థలు అవయవాల కేటాయింపులో ఎంత నిష్ఠ పాటిస్తున్నాయో, సేకరించే చేతుల అర్హత విషయంలోనూ అంత నిష్ఠ అవసరం.

మరొక విషయం. సేకరణ అనేది ఫలం కర్తకు కనబడని కర్మ. తెనాలిలోనో వరంగల్లులోనో మూత్రపిండాన్ని తీసిన వైద్యుడు దానిని మంచుపెట్టెలో పెట్టి పంపిన తరువాత తన పని ముగిసిందనుకొంటాడు. దాని నాళంపై పడిన చీలిక మరొక ఊరిలో, మరొక బల్ల వద్ద బయటపడుతుంది. ఫలాన్ని ఆశించకుండా కర్మ చేయడం యోగం. ఫలాన్ని తెలుసుకోకుండా కర్మ చేయడం యోగం కాదు, అజ్ఞానం. కనుక అవయవాన్ని స్వీకరించిన శస్త్రవైద్యుడు దాని స్థితిని, అందులో గాయం ఉంటే దాని స్వరూపాన్ని, తీసిన వైద్యునికి లిఖితపూర్వకంగా తెలిపే నియమం ఉండాలి. దండించడం దాని ప్రయోజనం కారాదు. దిద్దడమే ప్రయోజనం కావాలి. తన తప్పు తనకు తెలియని శిష్యుడు ఎన్ని శస్త్రక్రియలు చేసినా అభ్యసించినవాడు కాడు.

చివరగా, కుటుంబానికి సత్యం చెప్పాలి. అంగీకార పత్రంపై సంతకం చేసే తండ్రి "ఎవరు తీస్తారు బాబూ?" అని అడిగితే, సమన్వయకర్త తడబడకూడదు. "పెద్ద డాక్టరుగారు దగ్గరుండి చేయిస్తారండీ. శిక్షణలో ఉన్న వైద్యులు కూడా ఉంటారు. అన్నీ అయ్యాక మీ అబ్బాయిని జాగ్రత్తగా మీకు అప్పగిస్తారు" అని చెప్పగలగాలి. ఆ మాట నిజమై ఉండాలి. తెలిసి ఇచ్చినదే దానం. ఒక యువకుడి విద్యకు కూడా తన కుమారుని దేహం తోడ్పడుతుందని తెలిస్తే, నిరాకరించే తండ్రుల కంటె ఓదార్పు పొందే తండ్రులే అధికంగా ఉంటారు. దాచిపెట్టి చేసిన పని తరువాత బయటపడితే మాత్రం, ఆ ఒక్క కుటుంబమే గాక ఆ ఊరంతా అవయవదానానికి విముఖమవుతుంది.

అనేక ఆసుపత్రులలో కోత ఆరంభించే ముందు బృందమంతా ఒక నిమిషం మౌనం పాటించే ఆచారం ఉన్నది. తమిళనాడు ప్రభుత్వం 2023లో అవయవదాతల అంత్యక్రియలను ప్రభుత్వ గౌరవంతో జరపాలని నిర్ణయించింది. ఇవన్నీ శ్లాఘనీయాలు. అయితే దాతకు చేయగల పరమ గౌరవం అతడు ఇచ్చినదానిని చెడకుండా చేర్చడం. పుష్పగుచ్ఛం ఉంచిన చేతికి నాళాన్ని గుర్తించే నేర్పు లేకపోతే ఆ గౌరవం అసంపూర్ణం.

తిన్నడు రెండవ కంటిపై బాణం ఎక్కుపెట్టినప్పుడు లింగం నుండి ఒక చెయ్యి వెలువడి అతని చేతిని పట్టి ఆపిందని కథ చెబుతుంది. చేయవలసినంత వరకు చేయనిచ్చి, మించబోయే క్షణంలో ఆపిన చెయ్యి అది. దాత బల్ల వద్ద యువవైద్యుని పక్కన అట్టి చెయ్యి ఒకటి ఎల్లప్పుడూ ఉండేటట్లు చూడడం వైద్యవిద్యను నడిపేవారి ధర్మం. అట్లు ఉన్నదా అని అడగడం సమాజం ధర్మం.